పిప్పి వాళ్ల కొత్త క్యాసెట్టు

ఆత్మారాం పేరులో ఆరాం ఉంది గానీ ఆ మనిషి ఆత్మకు ఆరాం లేదు. నిజామాబాద్ బస్టాండు వెనక సందులో అతనికొక క్యాసెట్ల రికార్డింగు దుకాణం. పగలంతా భజనలూ, ఒగ్గు కథలూ, పెళ్లి పాటలూ అడిగినవాళ్లకు అడిగినట్టు నింపి ఇస్తాడు. సాయంత్రం కాగానే షట్టరు సగం దించి, గిటారు మెడలో వేసుకొని అరుస్తాడు. ఈ అరుపుకు పంక్ అని పేరు. ‘ఇచ్చట పంక్ క్యాసెట్లు దొరుకును’ అని బోర్డు మీద ఒక మూల రాయించిన నాటినుంచి, ఎండాకాలం వచ్చిందంటే చాలు, జనం పాత ఫ్యాన్లు చంకన పెట్టుకొని వచ్చేవారు. పంకాలు కావు మహాప్రభో, పంక్ అని చెబితే, “మరి రెక్కలు ఎవరు అతుకుతరు సేటూ?” అని అక్కడే నిలబడేవారు.

సంగతేమిటంటే, తొంభై రెండులోనో మూడులోనో, పూణెలో చదువు చెడగొట్టుకొని వచ్చిన ఒక బోధన్ షక్కర్‌నగర్ కుర్రాడి సూట్‌కేసులో నాలుగు ఇంగ్లీషు పంక్ క్యాసెట్లు దిగాయి. కుర్రాడు మళ్లీ ఎటో పోయాడు. క్యాసెట్లు మాత్రం జిల్లాలో ఉండిపోయాయి. మలేరియా కూడా ఇలాగే వచ్చిందంటారు. తొంభై ఏడు వచ్చేసరికి మోర్తాడ్‌లో ఒక బ్యాండు, ముప్కాల్‌లో ఒక బ్యాండు, వేల్పూర్‌లో పసుపు ఉడకబెట్టే రోజుల్లో మాత్రం నోరు మూసుకునే మరొక బ్యాండు, ఇలా అరిచేవాళ్ల సంఖ్య వినేవాళ్ల సంఖ్యను మించిపోయింది. మైకుసెట్టు ఆంప్లిఫయరుకు గిటారు తగిలించడం, పెళ్లి బ్యాండు వాళ్ల దగ్గర డ్రమ్ములు అడుక్కోవడం, ఒక గోదాములో గోడకు టేపురికార్డరు వేలాడదీసి ఎర్ర బటను నొక్కడం. అంతే, కొత్త విడుదల తయారు. ఒక్కో పాట నిమిషమున్నర. పాట మొదలైందని తెలుసుకొని పక్కవాడికి చెప్పేలోపు అయిపోతుంది.

ఆత్మారాం బ్యాండు పేరు నిప్పు. బోధన్ వాళ్ల బ్యాండు పేరు పిప్పి. చెరుకు ఊరు కదా, రసం ఫ్యాక్టరీ తీసుకుంటే వీళ్లకు మిగిలిన పేరు అది. పిప్పి పన్ను ఎంత చిన్నదైనా దవడ మొత్తాన్ని నిద్రపోనివ్వదు. ఆత్మారాంకు ఆ బ్యాండు అచ్చంగా అదే పని చేసింది. పిప్పి వాళ్ల క్యాసెట్టు వచ్చిందంటే చాలు, నిప్పు వాళ్ల నాయకుడు కళ్లల్లో నిప్పులు పోసుకునేవాడు. పైగా నింపే మిషన్లు జిల్లా మొత్తంలో అతని దగ్గరే సరైనవి ఉన్నాయి గనక, ఎవరి క్యాసెట్టయినా అతని చేతి మీదుగానే పోవాలి. అంటే శత్రువు బిడ్డకు ఉయ్యాల కూడా తనే కట్టాలి, జోల కూడా తనే పాడాలి.

ఇంత కడుపుమంటలోనూ అతనికొక చల్లని మాట ఉంది. నర్సింలు. పగలు రేకు పెట్టెల దుకాణంలో సుత్తి కొడతాడు, సాయంత్రం నిప్పు బ్యాండులో డ్రమ్ములు కొడతాడు. రెంటికీ తేడా తెలియనంత జోరుగా కొడతాడు. అలాంటి చేతులు జిల్లాలో ఇంకో జత లేవు. డ్రమ్ములు లేని పంక్ అంటే ఇంజను లేని లారీ, హారను ఒక్కటే మోగుతుంది. నర్సింలు లేకపోతే తాను ఉత్త హారను అని ఆత్మారాంకు తెలుసు. అందుకే నర్సింలు ఎవరితోనైనా పది మాటలు మాట్లాడితే, కొత్త కోడలు పాలవాడితో మాట్లాడుతుంటే చూసే అత్తలా చూసేవాడు.

ఆ ఏడు చెరుకు ఆడే రోజులు మొదలయ్యాక, ఒక మధ్యాహ్నం పిప్పి గాయకుడు రాజారాం దుకాణానికి వచ్చాడు. మనిషి సన్నం, గొంతు మాత్రం బాయిలో పడ్డ బర్రెది. చేతిలో మాస్టరు క్యాసెట్టు, నకళ్లు తీయాల్సిన అసలుది.

“అన్నా, కొత్తది. ‘సైరన్’ అని పేరు పెట్టినం. జర నీ చెయ్యి పడాలె.”

“పడతది, పడతది. చెయ్యే ఏంది, కాలు గూడ పడతది,” అన్నాడు ఆత్మారాం, నవ్వుతున్నట్టు పళ్లు చూపించి.

నర్సింలు అప్పుడే అన్నం తినే వేళకని రేకు దుకాణం నుంచి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. “పెట్టన్నా, విందం,” అన్నాడు.

పెట్టక తప్పలేదు. మొదటి పాట, ‘సైరన్ మోగింది లెవ్ బాపూ’. రెండోది, మూడోది. ఆత్మారాం ముఖం ముందు మాడింది, తర్వాత మసయింది. పాటలు బాగున్నాయి. బాగోకపోతే ఎంత బాగుండేది! మాటల్లో ఫ్యాక్టరీ పొగ వాసన, చెరుకు బండ్ల వరస, రెండో షిఫ్టు నుంచి వచ్చి నిలబడే నిద్రపోయే తండ్రి, అన్నీ ఉన్నాయి. తన కొత్త క్యాసెట్టు ‘దగ్గు’లో దగ్గు తప్ప ఏముంది? అంతకన్నా ఘోరం కౌంటరు మీద జరుగుతోంది. నర్సింలు వేళ్లు చెక్క మీద ఆడుతున్నాయి. నిప్పు పాటలు వింటున్నప్పుడు ఆ వేళ్లు ఎప్పుడూ జేబులోనే ఉండేవి.

“పాటలు మస్తున్నయ్ రా వారీ,” అన్నాడు నర్సింలు. “గని జర మెల్లగున్నయ్. మీ వెంకటి డ్రమ్ములు కొడుతుండా, ఎడ్లబండి తోలుతుండా? ఇంకింత జోరుంటేనా, ఆత్మారామన్నకు రాంరాం చెప్పి బోధన్ బస్సెక్కేటోన్ని.”

రాజారాం ఘొల్లుమన్నాడు. వెంకటి అంటే పిప్పి వాళ్ల డ్రమ్ముల మనిషి. చెరుకు లారీలకు మోకులు బిగించే పని చేస్తాడు కనక, డ్రమ్ములు కూడా బిగించి, ఆచితూచి కొడతాడు. ఆత్మారాం కూడా నవ్వాడు. ఆ నవ్వు పెదవుల దగ్గర బయల్దేరి చెంపల దాకా పోకుండానే వెనక్కి వచ్చేసింది.

వాళ్లిద్దరూ పోయాక ఆత్మారాం చాలాసేపు ఆ క్యాసెట్టు వంక, క్యాసెట్టు రెండు కళ్లతో అతని వంక చూసుకున్నారు. ‘ఇంకింత జోరుంటే’ అన్నాడు కదా వాడు. మరి ఇంకింత మెల్లగా ఉంటే? ఇప్పుడే ఎడ్లబండి అన్నవాడు, అప్పుడు కుంటెద్దు బండి అంటాడు. ఈ జన్మలో బోధన్ వైపు తలపెట్టి పడుకోడు.

నింపే మిషను వెనక మూత విప్పితే మోటారు ఉంటుంది. మోటారు వీపున చిన్న బొక్క. బొక్కలో చిన్న స్క్రూ. ఒకవైపు తిప్పితే టేపు ఉరుకుతుంది, ఇంకోవైపు తిప్పితే కుంటుతుంది. ఈ స్క్రూ సంగతి జిల్లాలో ఆత్మారాంకూ, మిషను చేసిన దేవుడికీ తప్ప తెలియదు. సన్న స్క్రూడ్రైవరు తీశాడు. కుంటేవైపు తిప్పాడు. ఎక్కువ కాదు, పట్టుబడనంత. స్క్రూ లూజు చేసింది మోటారుకా, తన బుర్రకా అన్న అనుమానం అతనికి అప్పుడు రాలేదు.

తర్వాత స్పీకరు గొంతు పూర్తిగా నొక్కేశాడు. మామూలుగా నింపేటప్పుడు చెవి అక్కడ పడేసి ఉంచడం అతని అలవాటు. కానీ పిప్పి వాళ్ల పాటలు ఒకసారి వింటేనే ఇంత మండింది, అన్ని క్యాసెట్లూ అయ్యేదాకా వింటే పేగులు కూడా మిగలవు. అలా నిశ్శబ్దంగా, నవ్వుకుంటూ, రెండు రోజుల్లో అన్నీ నింపి, అట్టపెట్టెలో సర్ది, బోధన్ బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాడు. ఆ రాత్రి అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

వారం తిరిగింది. ఒక పొద్దున లేచేసరికి అరుగు మీద నుంచి ఏదో రేకుల షెడ్డు మీద వడగళ్లు పడుతున్నట్టు మోత. బయటికి వచ్చాడు. తల్లి గంగుబాయి ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. పక్కన టేపురికార్డరు. ఆమె వేళ్లు కనిపించడం లేదు. ఆకు ఉన్నట్టే ఉండి బీడీ అయిపోతోంది.

“అవ్వా, గిదేందే?”

“నీ దోస్తులయే గద కొడుకా, పిప్పోళ్లయి. మన పక్కింటి ముత్తవ్వ ఇచ్చింది. వాడకట్టంత గియ్యే పెట్టుకుంటున్నరు. గీ పాటలు పెడితే సేతులు వాటంతట అవ్వే ఉరుకుతున్నయ్. పగటాల్లకే కట్టలైతున్నయ్ సూడు.”

“మా పాటలు గూడ ఉన్నయ్ గదనే ఇంట్ల!”

“మొన్న పెట్టిన బిడ్డా. ఆకులు శినిగినయ్.”

ఆత్మారాం తల్లి మాట వినడం లేదు. పాట వింటున్నాడు. రాజారాం బర్రె గొంతు కోడెదూడ గొంతయింది, ఎగిరి తన్నేలా ఉంది. వెంకటి ఎడ్లబండి కాస్తా ఎక్స్‌ప్రెస్ బస్సయింది. ఒక్కో పాట ఊపిరి తీసుకోకుండా వచ్చి, చెంపమీద కొట్టి, పోతోంది. ఇదేమిటి? తాను మెల్లగా కదా చేసింది!

అరుగు మెట్టు మీద కూలబడ్డాక బుర్ర తిరిగింది, ఈసారి సరైన వైపు. తాను కుంటించింది నింపే మిషనును, మాస్టరు పాడే మిషను మామూలుగానే తిరిగింది. మిషను మెల్లగా నడిస్తే కొంచెం టేపులోనే ఎక్కువ పాట కుక్కుకుంటుంది. ఆ క్యాసెట్టును జనం ఇళ్లలో మామూలుగా నడిచే టేపురికార్డర్లలో పెడితే, కుక్కుకున్న పాటంతా తొక్కుకుంటూ బయటికి ఉరుకుతుంది. మెల్లగా నింపితే జోరుగా మోగుతుంది! పాలు పితికే వాడికి పొదుగు ఎటుందో తెలిసినంత సులువుగా తెలియాల్సిన సంగతి. ఒక్కసారి, నింపిన క్యాసెట్టు ఒక్కటంటే ఒక్కటి మామూలు మిషనులో పెట్టి, స్పీకరు తెరిచి విని ఉంటే దొరికిపోయేది. కుళ్లుకునేవాడికి కళ్లు కనిపించవంటారు. చెవులు కూడా వినిపించవని ఆ పొద్దున తెలిసింది.

ఆ తర్వాత ఎక్కడ చూసినా ‘సైరన్’. కామారెడ్డి నుంచి అడిగారు. నాందేడు నుంచి ఎవరో మరాఠీ కుర్రాళ్లు వచ్చి, “ఏక్‌దం ఫాస్ట్” అని తల ఊపుతూ కొనుక్కుపోయారు. ప్రతి ఒక్కడూ వచ్చి, “ఆత్మారామన్నా, గా జోరున్న క్యాసెట్టు,” అనడమే. ఆ జోరు తన స్క్రూడ్రైవరుదని చెప్పుకుందామంటే నోరు రాదు, చెప్పకుండా ఉందామంటే కడుపు ఊరుకోదు. లోకంలో పరాయివాడి గొప్పతనం చూసి ఏడ్చినవాళ్లు కోకొల్లలు. పరాయివాడి ఇంట్లో కాపురం పెట్టిన తన గొప్పతనాన్ని చూసి ఏడ్చినవాడు మాత్రం ఇతనొక్కడే.

పోనీ అని ఒక రోజు దుకాణం మూసి, తన ‘దగ్గు’ క్యాసెట్టును కూడా అదే స్క్రూతో అలాగే నింపి, ఇంటికి తెచ్చి పెట్టాడు. అతని గొంతు పుట్టుకతోనే సన్నం. జోరు పెంచేసరికి అది ఇంకా సన్నబడింది.

గంగుబాయి చాట పక్కన పెట్టి, చీర కొంగుతో గాలి విసిరింది. “ఏం దోమలు బిడ్డా, పట్టపగలే మోపైనయ్!”

అలా దగ్గు కూడా తగ్గిపోయింది.

మర్నాడు రాజారాం దిగాడు, చేతిలో కొత్త బెల్లం ముద్ద. అప్పుడు నర్సింలు కూడా అక్కడే ఉన్నాడు. అన్నం వేళ కదా మరి.

“అన్నా, ఒక్క మాట. మేం గంత జోరుగ కొట్టలే,” అన్నాడు రాజారాం.

ఆత్మారాం మిషను వెనక మూతకు వీపు అడ్డం పెట్టాడు. “మోటరు... వోల్టేజీ... జర అటూ ఇటూ...”

“ఏం చేసినవో నాకెందుకన్నా! మా పాట ఎట్లుండాల్నో మాకే తెలుస్తలేకుండె. నువ్వు చూపెట్టినవ్.” బెల్లం ముద్ద కౌంటరు మీద పెట్టాడు. “గని ఇప్పుడు పరేషాన్ అయింది. ఆదివారం మా కాలనీ హాల్ల ప్రోగ్రాం ఉన్నది. వచ్చేటోళ్లంత క్యాసెట్టు లెక్కనే కొట్టాలంటున్నరు. వెంకటితోని అయితలేదు. పాపం కొట్టి కొట్టి మణికట్లు వాసినయ్. నర్సింలన్నను ఒక్క దినానికి ఇయ్యి.”

“ఇయ్యనీకె వాడేమన్న నిచ్చెనా, సున్నం వేసుకొని మళ్ల తెచ్చి పెడతనంటే?”

“ఒక్క దినమే గదన్నా,” అన్నాడు నర్సింలు, కౌంటరు వంక చూస్తూ.

“నువ్వు ఊకో. ఒక్క దినం అని పోయినోళ్లను మస్తు చూసిన. ఒక్క దినం అని మా చిన్నబాపు నాందేడు పోయిండు, ఇద్దరు పిల్లలతోని వచ్చిండు.”

“నేను డ్రమ్ములు కొట్టొస్తనంటున్నన్నా, పిల్లలను కాదు.”

రాజారాం నవ్వు ఆపుకున్నాడు. ఆత్మారాంకు అదీ మండింది. వద్దంటే ఓర్వలేడంటారు, సరే అంటే ఓర్చుకోలేడు. చివరికి, “పో,” అన్నాడు. చెప్పిన మాట చిన్నదే, మింగింది మాత్రం చాలా పెద్దది. బెల్లం ముద్ద చీమలు తిన్నాయి. అతను ముట్టలేదు.

ఆదివారం సాయంత్రం ఆత్మారాం కూడా బోధన్ బస్సెక్కాడు. ఎవరూ పిలవలేదు. నర్సింలు తడబడితే చూడాలని ఒక కోరిక, తడబడితే తన పరువే పోతుందని ఒక భయం. ఈ రెంటినీ చెరో పక్క కూర్చోబెట్టుకొని, తాను మధ్యలో ఇరుక్కొని ప్రయాణం చేశాడు. దారి పొడుగునా చెరుకు ట్రాక్టర్లు అడ్డం.

హాలు కిక్కిరిసి ఉంది. నర్సింలు తడబడలేదు. క్యాసెట్టులో ఉన్న జోరుకు ఒక పిసరు ఎక్కువే కొట్టాడు. కింద కుర్రాళ్లు ఒకరి మీద ఒకరు పడుతూ, లేస్తూ, మళ్లీ పడుతున్నారు. ఆత్మారాం వెనక గోడకు ఆనుకొని అవేమీ చూడలేదు. నర్సింలు ముఖం ఒక్కటే చూశాడు. వాడు నవ్వుతున్నాడు. కర్రలు రెండూ గాలిలో ఉండగా, కళ్లు మూసుకొని, నోరు తెరిచి నవ్వుతున్నాడు. ఇన్నేళ్లలో నిప్పు పాటలకు వాడు ఎప్పుడూ గోడగడియారం వంకే చూసేవాడు. భార్య పుట్టింటి పెళ్లిలో ఎవరితోనో పకపకా నవ్వుతుంటే దూరం నుంచి చూసే మొగుడిలా ఆత్మారాం గోడకు మరింత అతుక్కుపోయాడు.

మధ్యలో కాసేపు ఆపారు. నర్సింలు చెమట తుడుచుకుంటూ పక్క తలుపు దగ్గరికి రాగానే ఆత్మారాం వాడి చేయి పట్టుకున్నాడు.

“వారీ, విను. గా జోరు వీళ్లది కాదు. నాది. మోటరు స్క్రూ నేనే తిప్పిన.”

“ఎందుకన్నా?”

“ఖరాబ్ చేద్దామని. మెల్లగైతదనుకున్న, ఉల్టా అయింది. నువ్వు వీళ్ల దిక్కు పోతవని భయం పట్టింది. అంతే. ఇగ పద, బస్సున్నది.”

నర్సింలు తువ్వాలు మెడలో వేసుకొని అతని వంక చూశాడు. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

“ఖరాబ్ చేద్దామనుకుంటే గిట్లయిందా అన్నా?”

“అయింది.”

“మరి మన పాటలను నాలుగేండ్ల సంది బాగ చేద్దామనే చేస్తున్నవ్ గద?”

ఆత్మారాం వాడి చేయి వదిలేశాడు.

“నేను ఈళ్లతోనే ఉంటన్నా,” అన్నాడు నర్సింలు మెల్లగా. “పగలు దుకాణంకొస్త. అన్నం నీ దగ్గర్నే తింట. గని కొట్టుడు ఈడనే. కోపం చేసుకోకు.” లోపల రాజారాం పిలిచాడు. నర్సింలు పోయాడు. పోయేటప్పుడు పరుగెత్తాడు. అది కూడా ఆత్మారాం చూశాడు.

బయట సైకిళ్ల వరస పక్కన ఒక మనిషి మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని కూర్చున్నాడు. రెండు మణికట్లకూ గుడ్డ చుట్టి, పసుపు రాసి ఉంది. వెంకటి. ఆత్మారాం వెళ్లి అతని పక్కన కూర్చున్నాడు. లోపల మళ్లీ మొదలయింది. గోడ అదురుతోంది.

“లోపటికి పోవా?” అన్నాడు ఆత్మారాం.

“పోయిన. నా జాగల వాడు కూసున్నడు. కుర్చీ గూడ నాదే.” వెంకటి గోడ వైపు చెవి పెట్టాడు. “గీ పాటకు నేను ఆడ జర ఆగేటోన్ని. రాజారాం ఊపిరి తీసుకోవాలని. వీడు ఆగుతలేడు సూడు.”

ఆత్మారాం విన్నాడు. నిజమే, ఆగలేదు. “నా దగ్గర వాడు ఎన్నడు గిట్ల కొట్టలే,” అన్నాడు.

“రాజారాం గూడ నా ఎంబడి గిట్ల మొత్తుకోలే అన్నా.”

ఇద్దరూ కాసేపు కలిసి మండారు. ఒక్కడే మండితే మంట, ఇద్దరు కలిసి మండితే కాస్త చలి కాచుకున్నట్టుంటుంది. లోపల జనం గోల చేసినప్పుడల్లా ఇద్దరి తలలూ ఒకేసారి అటు తిరిగి, ఒకేసారి ఇటు వచ్చాయి.

“మీ బ్యాండుల ఇప్పుడు జాగ ఖాళీ ఉన్నట్టే గద,” అన్నాడు వెంకటి, సైకిళ్లతో చెబుతున్నట్టు.

“నర్సింలంత జోరుగ కొడతవా?”

“కొట్టను.”

“ఎంత బతిమిలాడినా?”

“చేతులు వాసినయ్, చూస్తలేవా అన్నా!”

“అయితే రేపు సాయంత్రం రా,” అన్నాడు ఆత్మారాం లేచి, ప్యాంటు దులుపుకుంటూ. “మణికట్లు తగ్గేదాక ఉత్తగ కూసో. పాటలు రాసుకుందం. మస్తు మెల్లగ ఉండాలె. వింటే వాళ్లకు నిద్ర రావద్దు, కడుపు మండాలె.”

“ఎవరికి?”

ఆత్మారాం హాలు వైపు చూశాడు. “ముందుగాల మనకు మండుతున్నది గద. గది రాద్దాం.”